దంతపు మేడలు

ప్రవేశిక

బైబిలు పాతనిబంధనలో పన్నెండుమంది ప్రవక్తల పేర్లతో చిన్న గ్రంథాలు ఉన్నాయి. వాటిలో ఆమోసు గ్రంథం ఒకటి. ఇందులో తొమ్మిది అధ్యాయాలు మాత్రమే ఉన్నాయి. ఉపదేశాలు గ్రంథరూపంలో నిలిచిన ప్రవక్తలలో ఆమోసు తొలితరానికి చెందినవాడు. ఇతడు క్రీ.పూ. ఎనిమిదవ శతాబ్ది మధ్యభాగంలో జీవించాడు. ప్రవక్త అంటే జోస్యం చెప్పేవాడు మాత్రమే కాదు. తన కాలపు సమాజాన్ని నీతి అనే కొలబద్దతో కొలిచి, నిర్భయంగా మందలించేవాడు కూడా. సంపదనే కోటగోడగా నమ్ముకొన్న ఒక రాజ్యానికి ఆమోసు చేసిన హెచ్చరికను, ఆ రాజ్యానికి పట్టిన గతిని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

సొలొమోను రాజు మరణానంతరం ఇశ్రాయేలీయుల రాజ్యం రెండుగా చీలింది. దక్షిణాన యెరూషలేము రాజధానిగా యూదా రాజ్యం, ఉత్తరాన ఇశ్రాయేలు రాజ్యం ఏర్పడ్డాయి. ఉత్తరరాజ్యానికి రాజైన ఒమ్రీ ఒక కొండను రెండు తలాంతుల వెండికి కొని, దానిపై షోమ్రోను నగరాన్ని నిర్మించాడు. దీనినే సమరయ అని కూడా అంటారు. చుట్టూ లోయలు, నడుమ ఎత్తైన కొండ, దానిపై దృఢమైన ప్రాకారం ఉండటంవల్ల ఆ నగరం శత్రువులకు సులభంగా లొంగేది కాదు. వెండితో కొన్న కొండమీద వెలసిన ఆ నగరం క్రమంగా వెండినే నమ్ముకొన్న నగరంగా మారింది.

రెండవ యరొబాము కాలంలో ఉత్తరరాజ్యం ఉచ్చస్థితిని అందుకొంది. అతడు నలభై ఒక్క సంవత్సరాలు పాలించాడని రాజుల రెండవ గ్రంథం తెలుపుతున్నది. అప్పటికి పొరుగున ఉన్న దమస్కు రాజ్యం అష్షూరువారి దెబ్బలకు బలహీనపడింది. ఆ అష్షూరు సామ్రాజ్యం సైతం అంతఃకలహాలలో చిక్కుకొని, పడమటి దేశాలవైపు కన్నెత్తి చూడలేని స్థితిలో ఉంది. ఈ అవకాశాన్ని వినియోగించుకొని యరొబాము ఉత్తరాన హమాతు దారి మొదలు దక్షిణాన మృతసముద్రం వరకు సరిహద్దులను విస్తరింపజేశాడు. వర్తకం పెరిగింది. ధనం ప్రవహించింది. ఇది తమ బలంవల్ల కలిగిన భాగ్యమని, దైవం తమ పక్షాన ఉన్నాడనడానికి తిరుగులేని నిదర్శనమని ధనికులు భావించారు. పొరుగువారి బలహీనతవల్ల దొరికిన విరామాన్ని వారు శాశ్వతమైన రక్షణగా పొరబడ్డారు.

ఆనాటి వైభవానికి పుడమితల్లి నేటికీ సాక్ష్యం చెబుతున్నది. 1908 నుండి 1910 వరకు, మరల 1931 నుండి 1935 వరకు షోమ్రోను కొండపై త్రవ్వకాలు జరిగాయి. అక్కడ ఏనుగుదంతంతో చెక్కిన ఫలకాలు, వాటి శకలాలు పెద్దసంఖ్యలో లభించాయి. మంచాలకు, ఆసనాలకు, పెట్టెలకు తాపడం చేసే ఆ ఫలకాలపై తామరపూలు, ఖర్జూరపత్రాలు, రెక్కలు గల సింహికలు కానవస్తాయి. ఆమోసు తన గ్రంథంలో దంతపు మేడలను, దంతపు మంచాలను, శీతాకాలగృహాలను, వేసవిగృహాలను ప్రస్తావించాడు. ఆ మాటలు కేవలం కవిసమయాలు కావని ఈ త్రవ్వకాలు నిరూపించాయి.

1910లో అక్కడే సుమారు వంద కుండపెంకులు దొరికాయి. వాటిపై సిరాతో వ్రాసిన లెక్కలు ఉన్నాయి. ఏ ఊరినుండి ఎవరి పేరిట పాత ద్రాక్షారసం వచ్చిందో, ఎవరి పేరిట శుద్ధిచేసిన నూనె వచ్చిందో వాటిలో నమోదైంది. ధనికులు పాత్రలతో ద్రాక్షారసం త్రాగి, శ్రేష్ఠమైన తైలాన్ని ఒంటికి పూసుకొంటున్నారని ఆమోసు అధిక్షేపించాడు. ఆ ద్రాక్షారసతైలాలు ఏ పల్లెలనుండి కొండమీది నగరానికి ఎక్కివచ్చేవో ఈ పెంకులు తెలుపుతున్నాయి.

ఆ పల్లెలలో బ్రదుకు ఎట్లా ఉండేది? చిన్నరైతు అప్పుచేసేవాడు. పంట పండనినాడు పొలం, పొలం పోయిననాడు తన దేహమే అప్పుకు ఈడుగా మారేది. స్వల్పమైన బాకీకి, చెప్పులజత పాటి విలువకు దీనజనులను అమ్ముతున్నారని ఆమోసు ఆరోపించాడు. వర్తకులు పండుగలు, విశ్రాంతిదినాలు ఎప్పుడు ముగుస్తాయా, అంగళ్లు ఎప్పుడు తెరుద్దామా అని ఆరాటపడేవారు. ధాన్యం కొలిచే పాత్రను చిన్నదిగా, వెండి తూచే రాయిని పెద్దదిగా చేసి, కొనేవాడిని రెండువిధాలుగా దోచుకొనేవారు. గోధుమలతోపాటు తాలును కూడా అమ్మేవారు. నగరద్వారం దగ్గర తీర్పుచెప్పే పెద్దలు లంచాలకు లొంగి బీదవాడి మొర వినేవారు కారు.

పేదవాడు కుదువపెట్టిన పైవస్త్రాన్ని ప్రొద్దుగుంకేలోపు తిరిగి ఇవ్వాలని ఇశ్రాయేలీయుల ధర్మశాస్త్రం శాసించింది. రాత్రివేళ అతడికి కప్పుకోవడానికి అదొక్కటే ఆధారం. అయినా ధనికులు అటువంటి వస్త్రాలను బలిపీఠాల ప్రక్కనే పరచుకొని పవళించేవారని ఆమోసు చెప్పాడు. ఇది అతిశయోక్తి అనిపించవచ్చు. కాని 1960లో మధ్యధరా సముద్రతీరాన ఒక పాతకోటలో హెబ్రీభాషలో వ్రాసిన కుండపెంకు ఒకటి లభించింది. అది ఆమోసు తరువాత నూరేళ్లకు పైగా గడిచిన కాలానికి చెందినది. తన పని పూర్తిచేసినా అధికారి ఒకడు తన వస్త్రాన్ని లాగుకొన్నాడని, దానిని తిరిగి ఇప్పించమని ఒక కోతకూలీ కోటపాలకుడికి పెట్టుకొన్న విన్నపం అది. ఒక్క వస్త్రం కోసం ఒక మనిషి న్యాయాన్ని యాచించవలసివచ్చిందనడానికి అది నిలిచిన సాక్ష్యం.

ఇటువంటి కాలంలో ఆమోసు గళం వినిపించింది. ఆయన ఉత్తరరాజ్యంవాడు కాడు. యూదాదేశంలోని తెకోవ గ్రామవాసి. ఆ ఊరు యెరూషలేముకు దక్షిణంగా సుమారు పదహారు కిలోమీటర్ల దూరంలో, ఎడారి అంచున ఉంది. ఆయన మందలను మేపేవాడు, మేడిచెట్లను చూసుకొనేవాడు. ఆ ప్రాంతపు మేడికాయలు పక్వానికి రావాలంటే ఒక్కొక్క కాయకు గాటు పెట్టాలి. ఆ పండు బీదవారి ఆహారం. కొండలలో తిరిగిన ఆ కాపరికి సింహగర్జన తెలుసు, గొఱ్ఱెను నోట కరచుకొన్న మృగంనుండి రెండు కాళ్లనో, చెవిముక్కనో విడిపించడం తెలుసు. అందువల్లనే ఆయన ఉపమానాలు పొలంనుండి, అడవినుండి పుట్టాయి.

ఆమోసు ప్రసంగశైలి విలక్షణమైనది. మొదట ఆయన ఇశ్రాయేలు పొరుగుదేశాల నేరాలను ఒక్కొక్కటిగా ఎత్తిచూపాడు. దమస్కు, గాజా, తూరు, ఎదోము, అమ్మోను, మోయాబు వరుసగా దోషులయ్యాయి. శత్రువులకు శిక్ష ప్రకటిస్తుంటే శ్రోతలకు ఉత్సాహం కలగడం సహజం. తరువాత తన సొంత దేశమైన యూదాను కూడా విడువలేదు. చివరకు ఆ వేలును ఇశ్రాయేలువైపే త్రిప్పాడు. ఇతరుల నేరాలకు తలలూపినవారు తమ నేరాలు విన్నప్పుడు తప్పించుకొనే దారి లేకపోయింది.

షోమ్రోను కొండను నమ్ముకొని నిశ్చింతగా ఉన్నవారికి శ్రమ తప్పదని ఆయన హెచ్చరించాడు. కీడుదినం చాలా దూరంలో ఉందని భావిస్తూ, వారు తమ అన్యాయంతో దానిని దగ్గరకు తెచ్చుకొంటున్నారని వివరించాడు. చెక్కిన రాళ్లతో ఇళ్లు కట్టుకొన్నవారు వాటిలో నివసించరని, ద్రాక్షతోటలు నాటినవారు వాటి రసం త్రాగరని చెప్పాడు. సింహంనుండి పారిపోయినవాడు ఎలుగుబంటి ఎదుటపడి, ఎట్లాగో ఇల్లు చేరి గోడకు చేయి ఆనిస్తే పాము కరచినట్లు వారి గతి ఉంటుందని పోల్చాడు. ఇల్లు, గోడ అనేవి భద్రతకు గుర్తులు. భద్రమనుకొన్న చోటనే విషం ఉందనడం ఈ ఉపమానంలోని అంతరార్థం.

ఆమోసు సంపదను సంపదగా ద్వేషించలేదు. ఆయన ఖండించినవి రెండు. మొదటిది, దీనులను అణచి చేసిన ధనార్జన. రెండవది, ఆ ధనమే తమను కాపాడుతుందనే ధనవిశ్వాసం. ఈ రెండింటికీ సంబంధం ఉంది. ధనమే రక్ష అనుకొన్నవాడికి న్యాయంతో పనిలేదు. న్యాయం విడిచినవాడికి ధనం తప్ప వేరొక ఆశ్రయం మిగలదు. ఉత్సవాలు, బలులు, గానాలు ఈ లోటును పూడ్చలేవని ఆయన స్పష్టం చేశాడు. న్యాయం జలప్రవాహంలా, నీతి ఎన్నడూ ఇంకని ఏరులా పారాలని కోరాడు. వానకాలంలో మాత్రమే పారి, తరువాత ఎండిపోయే వాగులు గల ఆ దేశంలో జీవనది అనే పోలికకు ఎంతో విలువ ఉంది. పండుగనాడు పొంగి, మరునాడు ఇంకిపోయే నీతి నీతి కాదని దాని భావం.

ఆమోసుకు కలిగిన దర్శనాలు కూడా ఇదే సత్యాన్ని చాటాయి. ఒక దర్శనంలో ప్రభువు మట్టపుగుండు పట్టుకొని గోడదగ్గర నిలిచాడు. గోడ ఎంత అందంగా ఉన్నా నిలువు తప్పితే కూలక మానదు. మరొక దర్శనంలో పండిన వేసవిపండ్ల గంప కనిపించింది. హెబ్రీభాషలో వేసవిపండును తెలిపే పదం, అంతాన్ని తెలిపే పదం దాదాపు ఒకేవిధంగా ధ్వనిస్తాయి. పక్వమైన వైభవమే పతనానికి సూచన అని ఈ శ్లేష తెలుపుతున్నది.

బేతేలు రాజు ఆరాధించే పుణ్యక్షేత్రం. అక్కడి యాజకుడైన అమజ్యాకు ఈ మాటలు కంటకమయ్యాయి. ఆమోసు కుట్ర చేస్తున్నాడని అతడు రాజుకు వర్తమానం పంపాడు. యూదాదేశానికి పోయి అక్కడే ప్రవచించుకొని పొట్టపోసుకొమ్మని ఆమోసును ఆజ్ఞాపించాడు. అందుకు ఆమోసు, తాను వృత్తిరీత్యా ప్రవక్తను కానని, ప్రవక్తల కుదురునుండి వచ్చినవాడిని కూడా కానని బదులిచ్చాడు. పశువులను కాచుకొనే తనను దేవుడే పిలిచి పంపాడని చెప్పాడు. జీతం ఇచ్చేవాడి మాట మాట్లాడవలసిన అవసరం ఆయనకు లేదు. రాజాశ్రయంలో ఉన్న యాజకుడికి లేని స్వేచ్ఛ కష్టంతో బ్రదికే కాపరికి ఉంది.

అనంతరం చరిత్ర ఏమి చెప్పింది? ఆమోసు పలుకులు ఒక భూకంపానికి రెండేళ్ల ముందటివని ఆ గ్రంథమే పేర్కొన్నది. ఆ శతాబ్దినాటి హాసోరు నగర శిథిలాలలో ఒరిగిన గోడలు బయటపడ్డాయి. యరొబాము మరణించిన తరువాత రాజ్యంలో హత్యలు, కుట్రలు చెలరేగాయి. క్రీ.పూ. 745లో మూడవ తిగ్లత్పిలేసెరు అష్షూరు సింహాసనం అధిష్ఠించాడు. పొరుగువారి బలహీనతవల్ల లభించిన విరామం అంతటితో ముగిసింది.

అప్పటి ఇశ్రాయేలు రాజు మెనహేము. అతడు వెయ్యి తలాంతుల వెండి చెల్లించి అష్షూరురాజును తిప్పిపంపాడు. ఇందుకోసం ధనవంతులలో తలకు యాభై షెకెలుల చొప్పున వసూలు చేశాడు. ఒక తలాంతు మూడువేల షెకెలులకు సమానం. ఆ లెక్కన అరవైవేలమంది ఈ పన్ను చెల్లించి ఉండాలి. ధనంతో భద్రతను కొనవచ్చుననే నమ్మకానికి ఇంతకన్న గొప్ప పరీక్ష ఉండదు. సుమారు క్రీ.పూ. 738లో మెనహేము కప్పం కట్టినట్లు అష్షూరు శాసనాలు కూడా తెలుపుతున్నాయి. ఆ వెండి కొన్నది పదహారేళ్ల గడువు మాత్రమే. మూడేళ్ల ముట్టడి తరువాత క్రీ.పూ. 722 ప్రాంతంలో షోమ్రోను పతనమైంది. అక్కడినుండి 27,290 మందిని చెరపట్టి తీసుకొనిపోయినట్లు రెండవ సర్గోను తన శాసనంలో చెప్పుకొన్నాడు. ధనికులతోపాటు నిరపరాధులైన పేదలు కూడా ఆ విపత్తులో నలిగిపోయారన్నది మరువరాని విషాదం. పాలకుల అన్యాయానికి మూల్యం పాలకులు మాత్రమే చెల్లించరు.

అయినా ఆమోసు గ్రంథం నిరాశతో ముగియదు. కూలిన గుడారం మరల నిలుస్తుందని, దున్నేవాడు కోసేవాడి వెంటనే వచ్చేంతగా పంటలు పండుతాయని, నాటినవారే ఫలాన్ని అనుభవిస్తారని చివరిమాటలు ఆశ్వాసమిస్తాయి. ఎవరి శ్రమఫలం వారికే దక్కడం ఆయన కలగన్న సౌభాగ్యం. ఇరవై ఏడు శతాబ్దాల తరువాత, 1963లో, అమెరికాలో నల్లజాతీయుల హక్కులకోసం వాషింగ్టన్‌లో చేసిన మహోపన్యాసంలో మార్టిన్ లూథర్ కింగ్ ఆమోసు చెప్పిన న్యాయప్రవాహాన్ని స్మరించాడు. దంతపు మేడలు మట్టిలో కలిసి ముక్కలుగా దొరికాయి. ఒక కాపరి మాట మాత్రం చెక్కుచెదరక, న్యాయం కోరేవారి నోట ఇంకా పలుకుతూనే ఉంది.

కఠినపదాలు - అర్థాలు

కొలబద్ద = కొలిచే సాధనం, ప్రమాణం
ప్రాకారం = కోటగోడ
శకలం = ముక్క
అధిక్షేపించు = నిందించు, తప్పుపట్టు
ఈడు = తాకట్టు
తాలు = గింజ పట్టని ధాన్యం
మట్టపుగుండు = గోడ నిలువును చూడటానికి దారానికి కట్టి వ్రేలాడదీసే గుండు
యాజకుడు = దేవాలయంలో బలులు, ఆరాధన జరిపించేవాడు
కప్పం = సామంతుడు చక్రవర్తికి చెల్లించే ధనం
ఆశ్వాసం = ఊరట

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. ధనవిశ్వాసాన్ని ఆమోసు ఏవిధంగా ఖండించాడో వివరించండి.
2. ఆమోసు కాలంనాటి సంపన్నుల వైభవాన్ని, పేదల దుఃస్థితిని పురావస్తు ఆధారాలతో తెల్పండి.

ఆ) క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. ఆమోసు ప్రసంగశైలిలోని విశేషమేమిటి?
2. అమజ్యాకు ఆమోసు ఇచ్చిన సమాధానాన్ని తెల్పండి.
3. మెనహేము చెల్లించిన కప్పంవల్ల తెలిసే నీతి ఏమిటి?

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. ఆమోసు స్వగ్రామం ఏది?
2. షోమ్రోను నగరాన్ని నిర్మించిన రాజు ఎవరు?
3. న్యాయాన్ని ఆమోసు దేనితో పోల్చాడు?

ఈ) సంధులు
1. ధనార్జన = ధన + ఆర్జన - సవర్ణదీర్ఘ సంధి
2. మహోపన్యాసం = మహా + ఉపన్యాసం - గుణసంధి
3. మరణానంతరం = మరణ + అనంతరం - సవర్ణదీర్ఘ సంధి

ఉ) సమాసాలు
1. ధనవిశ్వాసం - ధనమునందు విశ్వాసం - సప్తమీ తత్పురుష సమాసం
2. దీనజనులు - దీనులైన జనులు - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
3. ద్రాక్షారసతైలాలు - ద్రాక్షారసమును, తైలమును - ద్వంద్వ సమాసం
4. మూడేళ్లు - మూడైన ఏళ్లు - ద్విగు సమాసం