కోలుకునే రోజుల్లో పెరటి సదఖా

వైద్య సహాయం అందుకున్నవారిని పరామర్శించడానికి వెళ్ళినప్పుడు ఒక మాట తరచుగా వినబడుతుంది. ఆపరేషన్ బాగానే జరిగి ఉంటుంది. మందులు అందుతుంటాయి. అల్‌హందులిల్లాహ్, నొప్పి కూడా తగ్గుముఖం పట్టి ఉంటుంది. అయినా మనిషి ముఖంలో కళ ఉండదు. "ఇంకెన్నాళ్ళు ఇలా పుచ్చుకుంటూ కూర్చోవాలి?" అంటారు. నిన్నమొన్నటి వరకు దుకాణం నడుపుకుని, రంజాన్‌లో జకాత్ లెక్కకట్టి ఇచ్చిన మనిషి గ్లాసుడు నీళ్ళకు కోడల్ని పిలవాల్సి వస్తే, అది జబ్బుకంటే పెద్ద బాధ. దానికి మందుల షాపులో బిళ్ళ దొరకదు. పెరటిలో మాత్రం కొంత ఊరట ఉంది.

బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న ఒక హదీసు మనందరం విన్నదే. విశ్వాసి నాటిన మొక్క నుండి మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తిన్నదంతా అతని తరఫున సదఖా అవుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. మొక్కలు నాటే కార్యక్రమాల్లో దీన్ని ఎక్కువగా చెబుతుంటాం. రోగి మంచం పక్కన కూర్చుని ఆలోచిస్తే దీనిలో మరో సంగతి కనబడుతుంది. ఈ దానానికి జేబులో డబ్బు అక్కరలేదు, కాళ్ళలో సత్తువ అక్కరలేదు. పిట్ట వచ్చి తిన్నప్పుడు నాటినవాడు నిద్రలో ఉన్నా సరే. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో చేస్తూ వచ్చిన సత్కార్యాల పుణ్యం జబ్బుపడిన రోజుల్లోనూ దాసునికి రాయబడుతుందన్న హదీసు కూడా బుఖారీలో ఉంది. మంచాన పడ్డవాడు దాతల వరుసలోంచి తొలగిపోలేదన్న కబురు ఇది. పెరడు ఆ కబురును అతని కళ్ళముందు పెడుతుంది.

రోగికీ తోటకూ ఉన్న సంబంధం మన పెద్దలకు తెలియనిది కాదు. టర్కీలోని ఎదిర్నె పట్టణంలో సుల్తాన్ రెండవ బాయజీద్ 1488లో కట్టించిన వైద్యశాల వక్ఫ్ ఆదాయంతో నడిచింది. 17వ శతాబ్దంలో దాన్ని చూసిన యాత్రికుడు ఎవ్లియా చెలబీ, వసంతకాలంలో తోటలోని పూలు తెచ్చి మనోవ్యాధితో ఉన్నవారికి ఇచ్చేవారని రాశాడు. ఆ భవనం ఇప్పుడు మ్యూజియంగా ఉంది. మన కాలానికి వస్తే, అమెరికాలో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు పరిశీలించి 1984లో ఫలితాలు ప్రచురించాడు. కిటికీలోంచి చెట్లు కనబడిన 23 మంది, ఇటుక గోడ మాత్రమే కనబడిన 23 మంది కంటే కొంచెం ముందుగా ఇంటికి వెళ్ళారు. ఘాటైన నొప్పి మందులు కూడా వారికి తక్కువే అవసరమయ్యాయి. 46 మందిని చూసి పెద్ద తీర్పు చెప్పకూడదు. చెట్టు మందుకు బదులూ కాదు.

మా ఖాలాకు గుండె ఆపరేషన్ అయ్యాక కొన్ని వారాలు బరువులు ఎత్తవద్దన్నారు. వరండాలో కుర్చీ వేస్తే ఎదురుగా ఒక నిమ్మమొక్క, ఒక కరివేపాకు మొక్క. నలుపు, లేత పసుపు మచ్చల సీతాకోకచిలుక ఒకటి వచ్చి లేతాకు మీద గుడ్డు పెట్టి, మరో ఆకుకు ఎగిరి అక్కడొకటి పెట్టింది. నాలుగు రోజులకు పిట్టరెట్టలాంటి చిన్న పురుగులు కనబడ్డాయి. శత్రువును ఏమార్చడానికి అల్లాహ్ వాటికిచ్చిన వేషం అది. పెరిగేకొద్దీ ఆకుపచ్చగా మారాయి. పుల్లతో తాకితే తలదగ్గర నుండి నారింజరంగు కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదిలేవి. కోడలు మందు కొట్టిస్తానంది. "అవి నా మెహమాన్లమ్మా, కూరలోకి కరివేపాకు బజారు నుంచి తెప్పించు" అంది ఖాలా. ఆమె తిన్నది సరిగా అరగక రెండు ముద్దలకే చాలనే రోజులవి. పురుగులు తింటుంటే మాత్రం ఎన్ని ఆకులు పోయాయో లెక్కపెట్టి సంతోషపడేది. అవి పెద్దవై, సన్నని దారంతో నడుము చుట్టూ కట్టుకుని కొమ్మకు అతుక్కుని గూడుగా మారాక, చూడటానికి రోజూ కుర్చీలోంచి లేచి మొక్కదాకా నడిచేది. నడవమని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోని మనిషే!

దాతలకు ఇందులో చేయదగిన పని ఉంది. మందుల కిట్‌తో పాటు ఒక కరివేపాకు మొక్క, ఒక మందారం, ఒక మట్టి మూకుడు ఇవ్వవచ్చు. పెరడు లేని ఇళ్ళలో డాబా మీద పాత పెయింట్ డబ్బా చాలు. సబ్జా పూతకు తేనెటీగలు, మందారానికి తేనెపిట్టలు వస్తాయి. మూకుడులో రెండంగుళాల నీళ్ళు పోసి ఒక రాయి వేస్తే, తేనెటీగలు దాని మీద వాలి తాగుతాయి. నీళ్ళు రోజూ పారబోసి మార్చాలి. డెంగీ దోమ శుభ్రమైన నీటిలోనే పెరుగుతుంది. పిచ్చుకలకు నూకలో సజ్జలో చల్లండి, మిగిలిన బిర్యానీ వద్దు. కీమోథెరపీలో ఉన్నవారు మట్టినీ, పిట్టరెట్టనూ తాకకుండా కిటికీలోంచి చూడటమే మేలు. ఇతరులైనా ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కాలక్షేపానికని రామచిలుకను పంజరంలో కొని తేవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. దాన్ని బంధించి మనం సంతోషపడటం ధర్మం కూడా కాదు.

మొక్క ఇచ్చి వచ్చేటప్పుడు నీళ్ళు పోసే పని ఇంట్లోవారికి అప్పగించకండి. డాక్టరు వద్దనకపోతే, చిన్న చెంబు రోగి చేతికే ఇచ్చి రండి.