రెండో రొమ్ము కూడా తీయించుకోవాలా?

ఎర్రమంచి

అమ్మాయీ,

ఆపరేషన్ అయింది, కీమో అయింది, ఇక రెండో రొమ్ము కూడా తీయించేసుకుంటే నిమ్మళంగా ఉంటుందని అంటున్నావు. నీ భయాన్ని నేను కొట్టిపారేయను. అయితే భయం ఒక దిక్కున ఉంది, ప్రమాదం ఇంకో దిక్కున ఉంది. రొమ్ము క్యాన్సర్ ప్రాణం మీదికి వచ్చేది రొమ్ములో ఉన్నప్పుడు కాదు. మొదటి గడ్డ నుంచి ముందే జారుకున్న కణాలు ఎముకల్లోనో కాలేయంలోనో తలెత్తినప్పుడు. బాగున్న రొమ్మును తీసేసినా ఆ కణాలు ఎక్కడివక్కడే ఉంటాయి. జన్యులోపం లేనివాళ్లకు రెండో రొమ్ములో కొత్తగా క్యాన్సర్ వచ్చే అవకాశం ఏడాదికి అర శాతం లోపే. ఎక్కువ కోస్తే ఎక్కువ కాలం బతుకుతామన్న నమ్మకాన్ని అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందం పరీక్షకు పెట్టింది. జబ్బున్న రొమ్ములో గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చినా, మొత్తం రొమ్మే తీసేసినా, ఇరవై ఏళ్లకు బతికున్నవాళ్ల లెక్కలో తేడా లేదని 2002లో తేల్చింది.

ఏంజెలినా జోలీ 2013లో రెండూ తీయించుకుంది కదా అంటావేమో. ఆమెకు బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపం ఉంది. ఆ లోపం ఉన్నవాళ్లలో 80 ఏళ్లు వచ్చేలోగా నూటికి 70 మందికి పైగా రొమ్ము క్యాన్సర్, 40 మందికి పైగా అండాశయ క్యాన్సర్ వస్తాయి. నీకూ అలా తేలితే నా మాటా మారుతుంది. అప్పుడు రెండో రొమ్ము తీయించడం సబబే. బిడ్డలు చాలనుకున్నాక అండాశయాలు తీయించడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఆ క్యాన్సర్‌ను ముందుగా పట్టుకునే నమ్మకమైన పరీక్ష లేదు. కాబట్టి ముందు రక్తంతో చేసే జన్యుపరీక్ష, తర్వాతే కత్తి మాట.

నీ బయాప్సీ కాగితంలో ఈఆర్ పాజిటివ్ అని, అంటే ఈస్ట్రోజన్ హార్మోన్‌తో పెరిగే రకమని ఉంటే, జారుకున్న కణాల దాకా చేరే మందు టామోక్సిఫెన్. ఐదేళ్లు వాడినవాళ్లలో ఈ జబ్బుతో పోయేవాళ్లు దాదాపు మూడో వంతు తగ్గారు. రెండో రొమ్ములో కొత్త గడ్డలూ అంతకు కొంచెం పైగానే తగ్గాయి. ఖరీదూ పెద్దది కాదు. ఒళ్లంతా ఆవిర్లు వస్తాయి, నిద్ర చెడుతుంది, అది నిజమే. కాళ్లలో రక్తం గడ్డకట్టడం, ముట్లుడిగినవాళ్లకు గర్భసంచి క్యాన్సర్ రావడం అరుదుగా ఉంటాయి. కాలు వాచినా, వేళ కాని రక్తం కనిపించినా వెంటనే చూపించుకోవాలి. వాడినంత కాలం గర్భం రాకూడదు. ముట్లుడిగినవాళ్లకు లెట్రోజోల్ లాంటివి ఇస్తారు, వాటితో ఎముకల మీద కన్నేయాలి. ఇన్ని ఇబ్బందులున్నాయని మధ్యలో మానేస్తారు చూడు, నా బాధంతా అక్కడే. ఆవిర్లకు వేరే మందు ఉంది, మాత్ర రకం మార్చే వీలూ ఉంది. డాక్టరుకు చెప్పకుండా మానడమే తప్పు.

ఇవన్నీ తెలుసుకున్నాక కూడా తీయించుకోవాలనే అనిపిస్తే అది నీ ఒళ్లు, నీ నిర్ణయం. అత్తగారి ఇంట్లో ఎవరి మాటకోసమో చేయొద్దు. రెండో అభిప్రాయానికి హైదరాబాదులో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, కానీ మన హైవే ఎక్కితే బెంగళూరులోని కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రే దగ్గర. ఆపరేషన్ తేదీ ఒప్పుకోకముందే కాగితాలన్నీ పట్టుకుని అక్కడ రెండో డాక్టరుకు చూపించు తల్లీ.

మీ పెద్దమ్మ