ఆరినట్టే ఆరి మళ్లీ వెలిగే ఇంజను దీపం

(పెట్రోలు వాహనాలలో పాలు చేరవేసే సంఘాలకు పాఠం)

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల పల్లెల్లో పాలు ఎత్తుకున్న తరువాత వ్యాను దారిలో ఆగితే నష్టపోయేది రైతే. వెంటనే 4 డిగ్రీలకు చల్లబరచవలసిన పాలు ఎండలో క్యానులోనే పులిసి విరిగిపోతాయి. అందుకే పసుపుపచ్చని ఇంజను దీపం వెలగగానే డ్రైవరు కంగారుపడి మెకానిక్కు వద్దకు పోతాడు. ఆయన యంత్రం తగిలించి దీపం ఆర్పుతాడు. వారం తిరగకుండానే అది మళ్లీ వెలుగుతుంది. లాక్టోమీటరు తక్కువ చూపిందని దానిని దాచివేస్తే పాలు చిక్కబడతాయా? ఇదీ అంతే. దీపం ఆర్పడం మరమ్మతు కాదు.

ఎందుకు వెలుగుతుంది?

వేడికి టాంకులోని పెట్రోలు ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి గొట్టం ద్వారా బొగ్గు నింపిన డబ్బాలోకి చేరుతుంది. దీనినే కానిస్టరు అంటారు. ఇంజను నడిచేటప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకొని ఆ ఆవిరిని ఇంజనులోకి పంపుతుంది. ఈ దారి బిగుతుగా ఉన్నదీ లేనిదీ కొన్ని వాహనాలు తామే పరీక్షించుకుంటాయి. 1 మిల్లీమీటరు రంధ్రమున్నా వాటికి తెలిసిపోతుంది. డీజిలు వాహనాలకు ఈ ఏర్పాటు లేదు. వాటి దీపానికి కారణం వేరే ఉంటుంది.

వెతకవలసిన వరుస

1. చెరపక ముందే కోడు రాసుకోండి. పి0455 పెద్ద లీకు, పి0442 చిన్న లీకు, పి0457 అయితే ముందుగా టాంకు మూతను అనుమానించాలి. లీకు ఉన్నదని కోడు చెబుతుంది, ఎక్కడో చెప్పదు.

2. మూత రబ్బరు వాషరు పగిలిందేమో, మూతి అంచున దుమ్ము పేరుకున్నదేమో చూడండి. తుడిచి, టిక్కుమనే వరకు బిగించండి. ఖర్చు లేని పని ఇదే, మొదట చేయవలసినదీ ఇదే.

3. గొట్టాలను చూడండి. గడ్డివాముల పక్కన నిలిపిన వ్యాన్లలో ఎలుకలు రబ్బరు కొరుకుతాయి. కంకర రోడ్డుపై రాళ్లు తగిలీ గొట్టాలు చిట్లుతాయి.

4. పెట్రోలు పోయించిన వెంటనే ఇంజను అంటుకోక మొరాయిస్తే పర్జ్ వాల్వు మూసుకోవడం లేదేమో పరీక్షించాలి.

5. అప్పటికీ దొరకకపోతే పొగ పరీక్ష చేయించండి. కంప్రెసరు గాలి కొట్టించరాదు, గొట్టాలు, టాంకు దెబ్బతింటాయి. అగ్గిపుల్ల వెలిగించి ఎన్నడూ వెతకరాదు.

గుర్తుంచుకోండి

పంపు దానంతట అది ఆగిన తరువాత మెడ దాకా పెట్రోలు పోయించవద్దు. పెట్రోలు కానిస్టరులోకి చేరి బొగ్గును పాడుచేస్తుంది. మూత బిగించినా దీపం కొన్ని రోజులకు గాని ఆరదు. ఇంజను చల్లారి ఉండి, టాంకు మరీ నిండుగా గాని మరీ ఖాళీగా గాని లేనప్పుడే ఆ పరీక్ష జరుగుతుంది. ఆవిరి లీకు వల్ల నిలకడగా వెలిగే దీపానికి పాలు దింపి రావచ్చు. దీపం మిణుకుమిణుకుమన్నా, పెట్రోలు వాసన గట్టిగా వచ్చినా ఆపవలసిందే.

కార్యదర్శులు లాగుబుక్కులో దీపం వెలిగిన తేదీని, పెట్రోలు పోయించిన తేదీని పక్కపక్కన రాయించండి. పోయించిన మరునాడో, ఆ మరునాడో ప్రతిసారీ వెలుగుతున్నదంటే సగం జబ్బు పుస్తకంలోనే దొరికినట్లు. కొత్త భాగాలు కొనబోయే ముందు ఆ పేజీని మెకానిక్కుకు చూపించండి.