అమెరికాలో వైద్యశిక్షణ: పరీక్ష, ధ్రువీకరణ, లైసెన్సు

వైద్యపట్టము పొందినవాడు ఏ దేశమునకు పోయినను వైద్యుడే యని మనలో పలువురు భావించుచుందురు. విద్య విషయమున ఇది సత్యమే కావచ్చును. హక్కు విషయమున కాదు. పట్టము నిచ్చునది విశ్వవిద్యాలయము. రోగిని పరీక్షించి మందు వ్రాయు అధికారము నిచ్చునది ప్రభుత్వము. మన దేశమున ఎం.బి.బి.ఎస్. ముగించి, ఒక సంవత్సరము ఇంటర్న్‌షిప్ చేసి, రాష్ట్ర వైద్యమండలిలో పేరు నమోదు చేయించుకొన్న పిమ్మటనే ఆ అధికారము సంక్రమించును. దేశపు ఎల్ల దాటిన తరువాత ఆ నమోదుకు విలువ లేదు.

మన కళాశాలలో బైపీసీ చదువు విద్యార్థులు కొందరు ఇప్పటినుండియే అమెరికాలో రెసిడెన్సీని గురించి మమ్ము ప్రశ్నించుచున్నారు. మేము తెలుగు బోధించువారమే గాని వైద్యులము కాము. అయినను ఆ దేశపు సంస్థలు ప్రకటించిన నియమములను చదివి గ్రహించినంత మేరకు ఇచ్చట వివరింపబూనితిమి. రెసిడెన్సీ యనగా ఆసుపత్రిలో జీతము పుచ్చుకొనుచు, పెద్ద వైద్యుల పర్యవేక్షణలో, మూడు సంవత్సరములు మొదలు ఏడు సంవత్సరముల వరకు సాగు ప్రత్యేకశిక్షణ. స్వదేశమున ఎంత అనుభవమున్నవారైనను, స్వతంత్రముగా వైద్యము చేయుటకు సాధారణముగా ఈ వాకిటినుండియే ప్రవేశింపవలెను. టెన్నెసీ రాష్ట్రము 2023లో చేసిన చట్టము వంటివి దీనికి కొంత మినహాయింపు కల్పించినవి గాని, అవి ఇంకను దారి కాలేదు, కాలిబాటలు మాత్రమే.

మొదటి మెట్టు ఇ.సి.ఎఫ్.ఎం.జి. ధ్రువపత్రము. 1956లో ఏర్పడిన ఈ సంస్థ ఫిలడెల్ఫియా నగరమున ఉన్నది. విదేశములలో చదివినవారి యోగ్యతను నిర్ణయించుట దీని పని. ఇందుకు యు.ఎస్.ఎం.ఎల్.ఇ. అను పరీక్షలో స్టెప్ 1, స్టెప్ 2 సి.కె. అను రెండు భాగములు ఉత్తీర్ణము కావలెను. మొదటిది ఎనిమిది గంటల పరీక్ష, రెండవది తొమ్మిది గంటల పరీక్ష. రెంటిని మన దేశముననే వ్రాయవచ్చును. 2022 జనవరి 26 నుండి స్టెప్ 1లో మార్కులు చెప్పుట మానివేసి, ఉత్తీర్ణత ఉన్నదా లేదా అని మాత్రమే చెప్పుచున్నారు. ఇది విద్యార్థికి ఉపకారమని కొందరందురు. మాకట్లు తోచదు. ఊరు పేరు తెలియని దూరదేశపు కళాశాలనుండి వచ్చినవానికి ఆ మార్కులే సిఫారసు పత్రము; ఇప్పుడా భారమంతయు స్టెప్ 2 మీద పడినది. ఒక్కొక్క భాగమును నాలుగు పర్యాయములకు మించి వ్రాయనీయరు.

పూర్వము మూడవ పరీక్ష యొకటి ఉండెడిది. అమెరికా వెళ్లి, రోగులవలె నటించువారిని పరీక్షించి చూపవలెను. కరోనా కారణముగా 2020లో అది నిలిచి, 2021 జనవరిలో శాశ్వతముగా రద్దయినది. దాని స్థానమున ‘పాత్‌వే’లను పేర, అభ్యర్థి చికిత్సానైపుణ్యమును నిరూపించు మార్గములు కొన్ని ఏర్పరచినారు. వానితోపాటు ఓ.ఇ.టి. అను వైద్యసంబంధమైన ఆంగ్లభాషాపరీక్షలోను నెగ్గవలెను. వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట నాలుగును పరీక్షింతురు. 1846లో హైదరాబాదున నెలకొల్పిన వైద్యపాఠశాల ఉర్దూ మాధ్యమమున పాశ్చాత్యవైద్యమును బోధించినదని ఈ సందర్భమున జ్ఞాపకము వచ్చును. వైద్యము నేర్చుటకు మాతృభాష చాలును. పరదేశపు రోగి బాధ వినుటకు ఆతని భాష కావలెను. ఉర్దూ, తెలుగు మాధ్యమములలో చదివిన మన పిల్లలు దీనిని చూచి భయపడనక్కరలేదు గాని, ఇంటర్మీడియట్‌నుండియే ఆంగ్లమున మాటలాడు అభ్యాసము చేయుట మంచిది.

ఇక కళాశాల మాట. చదివిన కళాశాల ప్రపంచ వైద్యకళాశాలల పట్టికలో ఉండుట మాత్రమే చాలదు. ఆ పట్టికలో దాని పేరు క్రింద, ఇక్కడి విద్యార్థులు ఇ.సి.ఎఫ్.ఎం.జి.కి అర్హులను సూచన కూడ ఉండవలెను. మన జాతీయ వైద్య కమిషన్‌కు 2023లో ప్రపంచ వైద్యవిద్యా సమాఖ్య గుర్తింపు లభించుట మన దేశమున చదువువారికి మేలైన విషయము. విదేశములకు పోయి ఎం.బి.బి.ఎస్. చదువగోరువారు మాత్రము రెండు వైపుల నియమములు చూచుకొనవలెను. తిరిగివచ్చి ఇచ్చట వైద్యము చేయుటకు, 2021 నాటి మన నిబంధనల ప్రకారము, కనీసము 54 నెలల చదువు ఆంగ్లమాధ్యమమున సాగవలెను. ఆ సంస్థలోనే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయవలెను. ఏజెంటు మాటలు నమ్మి పొలము తాకట్టు పెట్టుటకు ముందు తల్లిదండ్రులు ఈ రెండు సంగతులను వ్రాతపూర్వకముగా అడుగవలెను.

ధ్రువపత్రము చేతికి వచ్చినను అది లైసెన్సు కాదు. అనేకులు పొరబడునది ఇచ్చటనే. ఆసుపత్రులకు దరఖాస్తు చేసి, ఇంటర్వ్యూలు ముగిసిన పిమ్మట, ‘మ్యాచ్’ అను పద్ధతిలో అభ్యర్థి ఇష్టములను, ఆసుపత్రుల ఇష్టములను సరిచూచి స్థానము నిర్ణయింతురు. మార్చి నెల మూడవ శుక్రవారమున ఏ ఊరు దక్కినదో తెలియును. శిక్షణ సాధారణముగా జూలై 1న ప్రారంభమగును. నడుమ నున్నవి మూడున్నర నెలలు. కష్టమంతయు ఈ నెలలలోనే యున్నది.

అమెరికాలో వైద్యునకు లైసెన్సు నిచ్చునది కేంద్రప్రభుత్వము కాదు. ఆయా రాష్ట్రముల వైద్యమండలులు. కావున నియమము ఊరినిబట్టి మారును. టెక్సాసు రాష్ట్రము శిక్షణలోనున్న వైద్యునకు ప్రత్యేక అనుమతిపత్రము నిచ్చును. కాలిఫోర్నియా 2020 నుండి శిక్షణ లైసెన్సు నిచ్చుచున్నది. పేర్లు వేరైనను అర్థమొక్కటే: ఈ శిక్షణలో, ఈ పర్యవేక్షణలో మాత్రమే వైద్యము చేయవచ్చును, సొంత క్లినిక్కు పెట్టరాదు. దీనికై కళాశాలనుండి పత్రములు, వేలిముద్రలు, పూర్వచరిత్ర విచారణ మొదలగునవి అడుగుదురు. పూర్తి లైసెన్సు తరువాతి మాట. దానికి స్టెప్ 3 నెగ్గవలెను, నిర్ణీతకాలము శిక్షణ ముగింపవలెను. స్వదేశీయులకు ఒక సంవత్సరము చాలునన్న చోటను విదేశీ పట్టభద్రులకు రెండేండ్లు విధించు రాష్ట్రములు కలవు. ఈ భేదము న్యాయమా యని అడుగవచ్చును. ఒకే ఆసుపత్రిలో, ఒకే పని చేయువారికి రెండు కొలతలేల? కాని నియమము నియమమే.

లైసెన్సుతోపాటు వీసా. జె-1 వీసాకు మన కేంద్ర ఆరోగ్యశాఖనుండి ఒక పత్రము తెచ్చుకొనవలెను. శిక్షణానంతరము రెండేండ్లు స్వదేశమున ఉండవలెను. వైద్యులు చాలని ప్రాంతములలో పనిచేయుదుమని ఒప్పుకొన్నవారికి మినహాయింపు దొరకవచ్చును; ఇందుకు 1994లో వచ్చిన కాన్రాడ్ పథకము ననుసరించి ఇప్పుడు ఏటేట రాష్ట్రమునకు ముప్పదివరకు సిఫారసులు చేయవచ్చును. హెచ్-1బి వీసా కోరువారు ముందుగనే స్టెప్ 3 ముగింపవలెను. ఆ పరీక్ష అమెరికాలోనే జరుగును. 2025 మే నెలాఖరున విద్యార్థుల, శిక్షణార్థుల వీసాలకు క్రొత్త ఇంటర్వ్యూల నియామకము కొన్ని వారములు నిలిపివేసినప్పుడు, జూలై 1 దగ్గరపడుచున్న యువవైద్యులు పడిన ఆందోళన పత్రికలలో చదివితిమి.

చివరగా, మన విద్యార్థులకు మిక్కిలి దగ్గరి విషయము: పేరు. పరీక్షకేంద్రమున చూపు పాస్‌పోర్టులోని పేరు, ప్రవేశానుమతిలోని పేరు అక్షరము పొల్లుపోక ఉండవలెను. పట్టములోని పేరు వేరైనచో, ఆ భేదమునకు అధికారపత్రములు చూపవలెను. మన ఇండ్లలో మహమ్మద్ అను పేరును ఆంగ్లమున ఒకచోట పూర్తిగను, ఒకచోట రెండక్షరములతోను, మరియొకచోట మరియొక వర్ణక్రమముతోను వ్రాయుదురు. ఆడపిల్లల పేర్లకు బేగం, సుల్తానా అనునవి ఒక పత్రములో చేరును, మరియొక పత్రములో జారిపోవును. తెలుగువారి ఇంటిపేర్లు ఒకచోట పొడి అక్షరముగా, ఒకచోట నిండుగా ఉండును. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నచో అమెరికా వీసా మీద ‘ఎఫ్.ఎన్.యు.’ అని, అనగా పేరు తెలియదని, అచ్చు వేయుదురు. కన్నవారు ముద్దుగా పెట్టిన పేరు అచ్చట ఇంటిపేరై కూర్చుండును! పదవ తరగతి పత్రములోని తప్పు ముందు దిద్దుకొన్నచో తక్కినవి దాని వెంట సరియగును. వైద్యపట్టము వచ్చిన తరువాత దిద్దబూనిన విశ్వవిద్యాలయము చుట్టు నెలల తరబడి తిరుగవలెను. ప్రవేశ సమయముననే విద్యార్థుల పదవ తరగతి పత్రము, ఆధార్, పాస్‌పోర్టు ఉన్నచో అదియును సరిచూచు ఏర్పాటు కార్యాలయమున చేయింపవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుచున్నాము. ఒక గుమాస్తా, ఒక రిజిస్టరు ఉన్న చాలును.