గీసే ముందు చూడాలి: విశాఖ క్రూయిజ్ టెర్మినల్ చెప్పే పాఠం



"బిల్డింగ్ బొమ్మ గీయమన్నారు కదా టీచర్, స్థలం గురించి ఎందుకు రాయాలి?" ఈ నెల ప్రాజెక్టులో పిల్లలు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. మీ ఇంట్లోనూ వినిపించే ఉంటుంది.

ఇల్లు కట్టాలంటే ముందు గాలి ఎటు నుంచి వస్తుంది, వాన నీరు ఎటు పోతుంది, బండి ఎక్కడ నిలపాలి అని చూసుకుంటాం. ఆర్కిటెక్టులు దీన్నే సైట్ స్టడీ అంటారు. మనకు దగ్గరలో ఉన్న పెద్ద ఉదాహరణ విశాఖ ఓడరేవులోని అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్. సుమారు రూ.96 కోట్లతో కట్టిన దీన్ని 2023 సెప్టెంబరు 4న ప్రారంభించారు. 2,000 మంది ప్రయాణికులతో వచ్చే ఓడకు సరిపోయేలా రూపొందించారు.

చోటు: విశాఖ ఇన్నర్ హార్బర్‌లోకి వెళ్లాలంటే ఓడ ఇరుకైన కాలువ దాటాలి. పొడవైన క్రూయిజ్ ఓడలకు అది కష్టం. అందుకే టెర్మినల్‌ను ఔటర్ హార్బర్‌లో పెట్టారు.

గాలి, ఎండ: సముద్రం తూర్పున ఉంది. అటువైపు పెద్ద అద్దాలు పెడితే సముద్రం చక్కగా కనిపిస్తుంది, పొద్దున్నే ఎండా లోపలికి వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా కుదిపేసిందో మనందరికీ గుర్తే. కప్పు, అద్దాలు ఆ గాలికి నిలవాలి.

నీరు: ఆటుపోట్లతో ఓడ పైకీ కిందికీ కదులుతుంది. దిగే వంతెన వాలు గంటగంటకూ మారుతుంది. వీల్‌చైర్‌లో వచ్చే అమ్మమ్మ ఎలా దిగాలి?

జనం: రైల్వే స్టేషన్‌కు జనం రోజంతా వస్తూ పోతూ ఉంటారు. ఓడ వస్తే వందల మంది ఒకేసారి దిగుతారు. ఇమిగ్రేషన్, కస్టమ్స్, సామాను, బస్సులు అన్నీ ఆ కొద్ది గంటల్లోనే సాగాలి. పక్కనే సరుకు లారీలు తిరిగే రేవు. రెండు దారులూ కలవకూడదు.

అసలు చిక్కు ఓడ రాని రోజులది. అన్ని కోట్లతో కట్టిన హాలు అప్పుడు ఎవరికి ఉపయోగపడాలి? దీనికి పుస్తకంలో జవాబు లేదు. పిల్లలే ఆలోచించి, కారణాలతో రాయాలి.

చోటు చూసి కట్టడం మన ఊరికి కొత్త కాదు. రామతీర్థం గురుభక్తుల కొండ మీద బౌద్ధ భిక్షువులు ఉత్తరం వైపు సన్నని రాతి అరుగును ఎంచుకుని ఇటుకలతో స్తూపాలు, చైత్యాలు, విహారాలు కట్టుకున్నారు. దక్షిణాన నిలువెత్తు బండ, దాని కింద నీటి మడుగు. నీడ, నీరు, నిశ్శబ్దం మూడూ అక్కడ దొరికాయి. ఈసారి కొండెక్కినప్పుడు పిల్లలకు అది చూపించండి.

ఈ నెల ఇంటిపని: ఆదివారం పిల్లలతో కలిసి మీ ఇంటి చుట్టూ ఒకసారి నడవండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎండ ఎక్కడ పడుతోంది, వాన నీరు ఎటు పోతోంది, తాతయ్య ఎక్కడ కూర్చోవడానికి ఇష్టపడతారు అనేవి ఒక కాగితం మీద గుర్తు పెట్టమనండి. గీత వంకరైనా ఫరవాలేదు, మీరు దిద్దకండి. వాళ్లు చూసిందే గీయనివ్వండి. ఆ కాగితంతోనే వచ్చే నెల టెర్మినల్ నమూనా మొదలుపెడతాం.