పల్లె లెక్క, బాట లెక్క



బెంగుళూరునుండి హైదరాబాదు పోవు రాజమార్గము బాగేపల్లి మీదుగా సాగును. ఆ తాలూకాలో తెలుగు మాటాడు పల్లెలు పెక్కు. మార్గము ప్రక్క ఊళ్లవారికి బస్సు దగ్గర. లోపలి పల్లెలవారు ఏండ్ల తరబడి మూట నెత్తిన బెట్టుకొని రోడ్డుదాక నడిచిరి.

ఏ పల్లెకు రోడ్డు వేయవలెనో తేల్చునది జనసంఖ్య. 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదాన ప్రాంతమునకు హద్దు 500 మంది. కొండ, ఎడారి, గిరిజన ప్రాంతములకు 250. లెక్కకు వచ్చునది రెవెన్యూ గ్రామము కాదు, నివాసము. జనులెవ్వరును లేని బేచిరాకు గ్రామము సయితము దస్త్రములో గ్రామమే గదా! మైదానమున 500 మీటర్లలోపలి నివాసములను కలిపి యొకటిగా లెక్కింపవచ్చును.

ఇక అసలు చిక్కు. ఆధారముగా గొన్న 2001 లెక్కలు ఫిబ్రవరి 9 మొదలు 28 వరకు తీసినవి. వేరుసెనగ పీకి, చేలు ఖాళీయైన కాలమది. కూలికై బెంగుళూరు వచ్చి ఆ ఇరువది దినములు నిచ్చటనే యున్నవారు ఇచ్చటి లెక్కలోనే చేరుదురు. 505 మంది గల పల్లెనుండి ఆరుగురు వచ్చిరనుకొనుడు, మిగిలినది 499. వలసకు కారణములు పెక్కు గలవు, బాట లేమి యందొకటి. బాట లేక పోయినవారి మూలముననే ఆ పల్లెకు బాట తప్పినది! లెక్క వ్రాసినవానిని తప్పుపట్టరాదు, నిబంధన యట్టిది.

2024లో ఆమోదము పొందిన నాలుగవ దశకు 2011 లెక్కలు ఆధారము. మైదానమున హద్దు 500 గానే యున్నది. నాడును లెక్క తీసినది ఫిబ్రవరిలోనే.

సెలవులకు పోయినప్పుడు మీ పల్లెనుండి బస్సు నిలుచు చోటికి అడుగులు లెక్కించి వ్రాసికొని రండు. 2011లో మీ ఇంట నెందరు లెక్కకెక్కిరో, ఎందరు ఊర లేరో, అవ్వను తాతను అడిగి దాని ప్రక్కనే వ్రాయుడు.