సామానునొద్ద నిలిచినవారి పాలు

పాఠ్యభాగము: 1 సమూయేలు 30:1-25. కూడ చదువవలసినవి: ఆదికాండము 33:12-14, ద్వితీయోపదేశకాండము 25:17-19, గలతీయులకు 6:1-5.



పునరుత్థాన పండుగనాడు వేకువనే కొండ యెక్కి ప్రార్థించుట మన సంఘములలో అనేకులకు అలవాటు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారకముందే జూయెట్ దొరగారును, దొరసానియు, నెల్లూరి జూలియమ్మ మొదలైన కొద్దిమంది తెలుగు విశ్వాసులును ఒంగోలులోని కొండ యెక్కి ప్రార్థించిన సంగతి మన పెద్దలు చెప్పగా వినియున్నాము. అయితే కొండ ప్రయాణము అనుకొనినప్పుడెల్ల ఒక ప్రశ్న వచ్చును. మోకాళ్ల నొప్పులుగల అవ్వ, నిండు చూలాలు, ఉబ్బసపు మనిషి, కాలు ఈడ్చుచు నడచు పిల్లవాడు, వీరి సంగతి యేమి? ఇంటివద్దనే ఉండుమని చెప్పుట తేలిక. అనేకచోట్ల అట్లే చెప్పబడుచున్నది.

ఇశ్రాయేలీయుల పండుగ ప్రయాణమును చూతము. యెరికో పట్టణము సముద్రమట్టమునకు సుమారు 250 మీటర్లు దిగువను, యెరూషలేము సుమారు 750 మీటర్లు ఎగువను ఉన్నవి. నడుమ దారి సుమారు 27 కిలోమీటర్లు, అంతయు ఎక్కుడే. 1892లో స్కాట్లండు దేశస్థుడైన నైస్మిత్ అనునతడు కొండ నడకకు ఒక లెక్క చెప్పెను: 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరియొక గంట. ఆ లెక్కను యెరికో దారికి కట్టినయెడల ఇంచుమించు 7 గంటలగును. ఇది ఆరోగ్యవంతుడు ఆగకుండ నడచినప్పటి లెక్క. చంకలో పసిబిడ్డ నెత్తుకొన్న తల్లి ఇందులో లేదు, ముసలి తాతయు లేడు. అయినను వారందరును ఆ దారినే పండుగకు వెళ్లిరి. నడక లెక్క బలవంతునిబట్టి కట్టబడినప్పుడు బలహీనుడు దారిలో తప్పక వెనుకబడును.

యాకోబు ఈ సంగతి నెరిగినవాడు. అన్నయైన ఏశావు కలిసి నడుతమని పిలిచినప్పుడు, తన పిల్లలు లేతవారనియు, పాలిచ్చు మందలను ఒక్క దినము తొందరగా తోలినను అవి చచ్చుననియు చెప్పి, పిల్లల నడకనుబట్టి మెల్లగా వచ్చెదననెను. ఏశావుతోకూడ 400 మంది మనుష్యులుండిరి. వారి నడక వేరు, పిల్లల నడక వేరు. యాకోబు అన్నతో కలిసి శేయీరునకు పోక మరియొక దిక్కునకు వెళ్లెను. ఆ మాటలో కొంత తప్పించుకొనుటయు ఉన్నదని మేము తలంచుచున్నాము. అయినను మందను ఎరిగినవాని మాటయే అది.

అమాలేకీయుల వాడుక దీనికి విరోధము. ఇశ్రాయేలీయులు ఐగుప్తునుండి వచ్చు దారిలో అలసి సొలసియుండగా, అమాలేకీయులు ముందు నడచు బలవంతులమీదికి రాలేదు. వెనుక మిగిలిన బలహీనులను హతము చేసిరి. దానిని మరువవద్దని మోషే ఆజ్ఞాపించెను.

ఇప్పుడు మన పాఠమునకు వత్తము. దావీదును అతని జనులును మూడవ దినమున సిక్లగునకు వచ్చి చూడగా ఊరు కాలిపోయియుండెను. భార్యలను పిల్లలను అమాలేకీయులు పట్టుకొనిపోయిరి. ఏడ్చుటకు బలము లేకపోవువరకు ఏడ్చి, 600 మంది తరుముచు బయలుదేరిరి. బెసోరు వాగునొద్ద 200 మంది అలసి దాటలేక ఆగిరి. వీరు పిరికివారని వాక్యము చెప్పలేదు, అలసిరని మాత్రమే చెప్పినది. వీరి భార్యాబిడ్డలును చెరలోనే ఉండిరి, దాటగలిగియుంటే దాటకుందురా?

మిగిలిన 400 మందికి పొలములో ఒక ఐగుప్తీయుడు దొరకెను. అతడు ఒక అమాలేకీయుని దాసుడు. మూడు దినముల క్రిందట జబ్బుపడినందున యజమానుడు విడిచిపోయెను. చూచితిరా, అమాలేకీయుల పాత వాడుక మారలేదు! పరుల బలహీనులను చంపినవారు తమ బలహీనుని ఎండలో వదలిరి. దావీదు జనులు అతనికి రొట్టె, నీళ్లు, అంజూరపు అడలో ముక్క, రెండు ద్రాక్షగెలలు ఇచ్చిరి. ప్రాణము తెప్పరిల్లిన తరువాత అతడే వారికి దారి చూపెను. వదలివేయబడినవాడు లేనియెడల ఆ 400 మందికి త్రోవయే లేదు.

చెరపట్టబడినవారినందరిని విడిపించి తిరిగివచ్చినప్పుడు, తోడు రానివారికి భార్యాబిడ్డలను తప్ప దోపుడు సొమ్ములో ఏమియు ఇయ్యవద్దని కొందరు దుర్మార్గులనిరి. ఈ మాట మనకు క్రొత్తది కాదు. సంఘ కూడికలలో దీని చుట్టములను వినియున్నాము. దావీదు ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవానికి ఎంతో, సామానునొద్ద నిలిచినవానికిని అంతే పాలని తీర్పు చెప్పి, దానిని ఇశ్రాయేలులో కట్టడగా నియమించెను.

సామాను సంగతి వచ్చినది గనుక గలతీ పత్రికను కూడ చూతము. ఒకరి భారము ఒకరు మోయవలెనని పౌలు చెప్పి, వెంటనే ఎవని బరువు వాడే మోయవలెననెను. మూలభాషయైన గ్రీకులో ఈ రెండును వేర్వేరు మాటలు. మొదటిది బారోస్, మనిషిని క్రుంగదీయు భారము. రెండవది ఫోర్టియోన్, ఎవని వంతుకు వచ్చిన మూట వాడు మోయునది. కొండ యెక్కువారికి ఇది సులభముగా తెలియును. నీ నీళ్లసీసా, నీ దుప్పటి నీవే మోసికొనవలెను. వంటపాత్ర, పసిబిడ్డ, కాలు మడతపడినవాని మూట, ఇవి అందరివి.

ఈ సంవత్సరము కొండ ప్రార్థనకు ఏర్పాటు చేయు పెద్దలు కొన్ని సంగతులు మనస్సున ఉంచుకొనవలెను. అందరికంటె మెల్లగా నడచువారిని ముందు నడిపించుడి. దారి తెలిసిన బలమైన యౌవనుడొకడు అందరికంటె వెనుక రావలెను. వడిగలవారు ముందుపోయి కూర్చుండి, వెనుకటివారు చేరగానే లేచి కదలినయెడల, విశ్రాంతి అవసరము లేనివారికి విశ్రాంతియు, అవసరమైనవారికి పరుగును దొరకును. చివరి మనిషి వచ్చి, కూర్చుండి, నీళ్లు త్రాగి, ఊపిరి తీసికొనిన తరువాతనే కదలవలెను. దిగునప్పుడు మోకాళ్లకు శ్రమ ఎక్కువ గనుక ముసలివారికి చేతికఱ్ఱ ఇయ్యుడి. ఎక్కకముందును దిగిన తరువాతను తలలు లెక్కించుడి. పండ్రెండేండ్ల యేసు గుంపులోనే ఉన్నాడని తలంచి మరియ యోసేపులు ఒక దినప్రయాణము వెళ్లిరి గదా.

బొత్తిగా ఎక్కలేనివారిని ఇంటివద్ద విడువక కొండ మొదటికి తీసికొని రండి. వారికి చాపలు పరచి, ప్రార్థన నడిపించుటకు ఒక పెద్దను వారితోకూడ ఉంచుడి, సామాను వారికప్పగించుడి. పైన పాడు పాట క్రింద వినబడునట్లు పాడుడి. దిగివచ్చిన తరువాత ఫలహారము పంచునప్పుడు మొదటి విస్తరి వారిదే.